చివరి మోతాదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, ఫైళ్ళు మోసిన గుమాస్తాను. అందుచేత ఒక డిటెక్టివ్ నవల మీదుగా విషయానికొస్తాను. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ కోసం అద్దెపుస్తకాల షాపు దగ్గర కాచుకున్నవారు ఈ సభలో చాలామందే ఉన్నారు కనుక విసుక్కోరని నా ధైర్యం.

ఆ నవల 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'. 1920లో అచ్చయింది. అగాథా క్రిస్టీగారి తొలి నవల. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆమె ఇంగ్లండులోని టార్కీ ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చే పని చేశారు. విషాల సంగతి సరిగ్గా రాశారని అక్కడి ఫార్మసీ పత్రిక కూడా మెచ్చుకుంది.

కథలో ఒక ధనికురాలు తెల్లవారుజామున ఒళ్ళంతా కొంకర్లు పోయి మరణిస్తుంది. కారణం స్ట్రిక్నిన్. మన విషముష్టి, అదే ముషిణి చెట్టు, గింజల్లో ఉండే విషమే అది. కటికచేదు. లోపలికి పోతే సాధారణంగా గంటలోపే పట్టుకుంటుంది. రాత్రి పుచ్చుకున్నది తెల్లవారేదాకా ఎందుకు ఆగింది?

ఆమె తాగిన కోకోను పరీక్ష చేయిస్తే అందులో స్ట్రిక్నిన్ లేదని తేలింది. అంతటితో దాని సంగతి వదిలేశారు. డిటెక్టివ్ పాయ్‌రో మాత్రం అదే కోకోను మళ్ళీ పరీక్షకు పంపాడు. ఈసారి అడిగింది స్ట్రిక్నిన్ గురించి కాదు, మత్తుమందు ఉందా అని. ఉంది! విషాన్ని ఆలస్యం చేసింది ఆ మత్తే. మనకు తెలియనిదా? పై ఆఫీసుకు ఏది రాస్తే దానికే జవాబొస్తుంది. లాబొరేటరీ అయినా అంతే.

మరి విషం ఎక్కడిది? ఆమె రోజూ తాగే టానిక్కులోదే. ఆ రోజుల్లో ఓపిక కోసమని టానిక్కుల్లో అతి స్వల్పంగా స్ట్రిక్నిన్ వేసేవారు. ఆ సీసాలో ఎవరో బ్రోమైడ్ పొడి కలిపారు. అది అప్పట్లో నిద్రకు వాడే మామూలు మందు. రెండూ కలిస్తే స్ట్రిక్నిన్ సులువుగా కరగని లవణంగా మారి, స్ఫటికాలై అడుగుకు దిగుతుంది. పైపైన తాగినన్నాళ్ళూ ఏమీ కాలేదు. చివరి మోతాదులో సీసాడు మందులోని విషం దాదాపు అంతా ఒక్కసారే పోయింది. ఆ సీసాలో కొత్తగా చిటికెడు విషం కూడా ఎవరూ వేయలేదు! పొడి కలిపిందెవరో చెప్పను, మీరు చదువుకోండి.

ఇప్పుడు మన మందుల డబ్బాల సంగతి. బి.పి. మాత్ర ఒక డాక్టరు రాసింది, కీళ్ళనొప్పుల మాత్ర మరొకరిది, పక్కింటాయన చెప్పిన లేహ్యం ఇంకొకటి. దేనికదే మంచిది కావచ్చు. కాని కొన్ని నొప్పిమాత్రలు బి.పి. మందు పనిని తగ్గిస్తాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. మనం చెప్పనిది డాక్టరు అడగకపోవచ్చు.

మా ఆవిడ వాడేవన్నీ, కషాయంతో సహా, ఒక నోటుబుక్కులో రాస్తుంటాను. ఒక డాక్టరుగారు అది ఓపిగ్గా చదివి ఒక మాత్ర కొట్టేశారు. వేర్వేరు పేర్లతో ఒకే మందును రెండుసార్లు మింగుతోందట. ఆర్నెల్లుగా ఉన్న కళ్ళుతిరగడం పదిరోజుల్లో తగ్గింది.

కనుక మిత్రులారా, జాబితా రాసుకోండి. లేబుళ్ళు చింపకండి. కుదిపి తాగమని సీసామీద రాసి ఉంటే తప్పక కుదపండి.