బాతుల కోసం పోతే కొండచిలువ

 

మన ఆట, పాట, అద్దాల రవికల గురించి ఇప్పటిదాకా చక్కగా చెప్పారు. నేను బాతుల వేట గురించి చెప్తాను. వార్డెన్ మేడమ్ వేట గురించి చెప్పుడేంది అని నవ్వకండి.

మన తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊర్లు తిరిగినవాళ్ళు. దారిలో దొరికిందే కూర. నా చిన్నప్పుడు కూడా చలికాలం వస్తే మా కాకా రావిర్యాల చెరువు దిక్కు పోయేవాడు. సీటీ కొట్టినట్టు అరిచే చిన్న బాతులు జమ్ములో గుంపులుగా దిగేవి. సాయంత్రం వల కట్టి, తెల్లవారక ముందే పోయి చూసుకునేవాడు. వన్యప్రాణి చట్టం 1972లోనే వచ్చింది. మా తండాలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక్కసారి ఏడ్చి, మొండికేసి వెంట పోయాను. మంచు పట్టి ఎదుటి మనిషి కనిపించడం లేదు. వల ఒక పక్కకు గుంజుకుపోయి ఉంది. "ఇయ్యాల మస్తుగ పడ్డయి" అని కాకా మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. వలలో ఒక బాతు ఉంది. దాన్ని చుట్టుకుని నా తొడంత లావు కొండచిలువ ఉంది. బాతు కోసం మాకంటే ముందు వచ్చింది, వల దారాలు ఒంటికి బిగిసి కదలలేకపోతోంది.

నేను కేకపెట్టాను. కాకా నన్ను గట్టు మీదికి పొమ్మని, కొడవలి తీశాడు. చంపుతాడనుకున్నాను. వల కోశాడు. తల దిక్కు పోకుండా, తోక దిక్కు నుంచి ఒక్కొక్క దారం కోసుకుంటూ వచ్చాడు. ఎంతసేపు పట్టిందో గుర్తులేదు కానీ నా కాళ్ళు మొద్దుబారాయి. పాము బాతును కూడా వదిలేసి జమ్ములోకి పోయింది.

ఆ వల అడిగి తెచ్చింది. ఇంటికి పోయాక మా దాది కాకాను తిట్టిన తిట్లు ఇక్కడ మైకులో చెప్పలేను. ఆ పూట జొన్నరొట్టె, కారమే తిన్నాం. కాకా ఒక్కటే మాట అన్నాడు: "నేను దాని కోసం పోలేదు కదా."

నిజాం వేటాడిన చోటు ఇప్పుడు వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. టికెట్ కొని జింకలను చూస్తాం. మన వేట మాత్రం ఇప్పటికీ కేసే. ఇది నాకు కొంచెం మంటే. అయినా చట్టం చట్టమే. బాతును పట్టినా నేరమే. కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ వరకు జైలు.

ఇదంతా ఇప్పుడెందుకు తీశానంటే, పోయిన సంక్రాంతి సెలవుల్లో మా హాస్టల్ పిల్లలు ముగ్గురు రాత్రిపూట ఫోన్ లైట్లతో చెరువుకు పోయారు. బాతులు పట్టి రీల్ చేద్దామని. ముందు వాళ్ళ కుక్క ఉరికింది. అడవిపందుల కోసం ఎవరో చేను గట్టున కరెంటు తీగ కట్టారు. కుక్క అరవను కూడా అరవలేదు. నాలుగడుగులు వెనక ఈ పిల్లలు.

కాకా వలలో చిక్కిన పాము బతికింది, ఎందుకంటే పొద్దున్నే చూసేవాడు ఒకడున్నాడు. తీగ కట్టినవాడు ఇంట్లో పడుకుంటాడు. పంది వచ్చిందా, పిల్లవాడు వచ్చాడా అని తీగ చూడదు.

రింగ్ రోడ్డు, వండర్‌లా వచ్చాక చెరువు చుట్టూ చీకటి తగ్గింది. బాతులు ఇంకా దిగుతున్నాయి. చూడాలంటే పగలు పోండి, నన్ను అడగండి, నేనూ వస్తాను. తీగ కనిపిస్తే ముట్టుకోకుండా 1912కు ఫోన్ చెయ్యండి. పాము కరిస్తే నాటు మందులు, కట్లు వద్దు, 108.

ఆ ముగ్గురూ ఈ సభలోనే కూర్చున్నారు. పేర్లు చెప్పనని మాట ఇచ్చాను. కుక్క పేరు చెప్పొచ్చన్నారు. దాని పేరు రాజా.