పిచ్చర్ మోచేయి



అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ ఆరు నెలలు సాగుతుంది. ఒక్కో జట్టు 162 మ్యాచులు ఆడాలి, అంటే దాదాపు రోజుకొకటి. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. క్రికెట్ బౌలర్‌కు మోచేయి విషయంలో కట్టుబాటుంది, పిచ్చర్‌కు లేదు. అతడు చేతిని వంచి కొరడాలా ఝళిపిస్తాడు. ఆ ఊపు భారంలో పెద్ద పాలు మోచేతి లోపలివైపున్న చిన్న లిగమెంట్ మీద పడుతుంది.

1884లో ప్రావిడెన్స్ జట్టుకు ఇద్దరే ప్రధాన పిచ్చర్లు. జులైలో చార్లీ స్వీనీ గొడవపడి వెళ్లిపోయాడు. మిగిలిన చార్లెస్ రాడ్‌బోర్న్ ఇంచుమించు ప్రతి మ్యాచూ తానే వేశాడు. మ్యాచికి తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఆటలో ఆ సీజన్ అతడు వేసినవి 678. గెలిపించిన మ్యాచులు 59, పాత లెక్కల్లో 60. పొద్దున లేస్తే తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదట! జట్టు ఛాంపియన్ అయింది. దీన్ని వీరగాథగా చెప్పుకోవడం అలవాటు. నాకు మాత్రం మనసు ఆ దువ్వెన దగ్గరే ఆగిపోతుంది.

ఆ తర్వాతి తరాలు బలాన్ని దాచుకోవడం నేర్చాయి. క్రిస్టీ మాథ్యూసన్ 1912లో వచ్చిన తన పుస్తకంలో అసలు సత్తాను గడ్డు ఘడియ కోసం అట్టేపెట్టుకోవాలన్నాడు. అయినా చేతులు అరగడం ఆగలేదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్ శాండీ కోఫాక్స్ మ్యాచ్ అవగానే మోచేతిని ఐసు నీళ్లలో ముంచేవాడు. 1966లో 323 ఇన్నింగ్స్ వేసి, 27 మ్యాచులు గెలిపించి, కీళ్లవాతం వల్ల 30 ఏళ్లకే ఆట మానేశాడు.

1974లో అదే జట్టులోని టామీ జాన్‌కు ఎడమ మోచేతి లిగమెంట్ తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి స్నాయువు తీసి అక్కడ అమర్చాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒకపాలే అన్నారు. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చిన టామీ జాన్ మరో 164 మ్యాచులు గెలిచాడు. ఆ ఆపరేషన్‌కు అతని పేరే నిలిచింది.

తర్వాత జట్లు లెక్కలు కట్టడం మొదలుపెట్టాయి. నలుగురు వంతులవారీగా వేసేచోట ఐదుగురు వచ్చారు. వంద బంతులు దాటితే దించేయడం రివాజైంది. సీజన్‌కు 300 ఇన్నింగ్స్ చివరిసారి దాటింది 1980లో, స్టీవ్ కార్ల్‌టన్. 2012లో వాషింగ్టన్ జట్టు, అదే ఆపరేషన్ అయిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను సెప్టెంబరులోనే పక్కన కూర్చోబెట్టింది. సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్‌లో అతడు లేకుండానే ఓడింది. విమర్శలు వెల్లువెత్తాయి. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో 2019లో ఉత్తమ ఆటగాడు అతడే.

మరి ఇంత పొదుపు చేసినా ఆపరేషన్లు ఎందుకు తగ్గలేదు? బంతులు తగ్గాయి గాని, ఒక్కో బంతి మీద పెట్టే బలం పెరిగింది. ఇప్పుడు ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకు సుమారు 150 కిలోమీటర్లు. అలసిన కండరం కాయలేని భారాన్ని లిగమెంట్ మోయాల్సి వస్తుంది. బంతులు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. వేగానికి కట్టే వెల తగ్గాలి.

అమెరికాలో పిల్లలాడే లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్లవాళ్లకు రోజుకు 85 బంతులే పరిమితి. మీ మనవళ్లో, మేనల్లుళ్లో అక్కడ ఆడుతుంటే ఫోన్‌లో స్కోరుతోపాటు మోచేయి సంగతీ అడగండి. నొప్పి ఉందంటే లెక్క ఎంతున్నా ఆ రోజు బంతి పట్టనివ్వవద్దని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి.