నూనె త్రాగు పాత కారు

ఇంటనున్న పాత అంబాసిడరు కారునకు పదునైదు దినములకొకసారి నూనె పోయవలసి వచ్చుచున్నదని విచారించు గృహస్థులు నేటికిని మన పట్టణములలో కలరు. ఆ కారు నిర్మాణము పశ్చిమ వంగమందలి ఉత్తరపాడ కర్మాగారమున 2014లో ఆగిపోయినది. పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములను తొలగింపవలెనను నియమము 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. కనుక కచేరీల ముంగిట తెల్లగా బారులు తీరి నిలిచిన అంబాసిడర్లు ఇక కానరావు. మిగిలినవి చాలవరకు ఇండ్లలో నున్నవే. తండ్రిగారు కొన్నదని, ముగ్గురు బిడ్డల పెండ్లిండ్లకు తిరిగినదని, అమ్మివేయుటకు మనసొప్పక నిలుపుకొన్న బండ్లవి.

అట్టి కారు నీలిపొగ విడుచుచు షెడ్డునకు పోయినప్పుడు, మెకానిక్కు చేతులు తుడుచుకొనుచు ‘బోరు పోయిందండీ, ఇంజను దింపాల్సిందే’ అనును. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. ఆ రెంటికిని నడుమ ఒక కుటుంబమునకు రెండు మూడు నెలల సంసారపు వ్యయమంత భేదము గలదు. అందుచేత ఇంజను దింపుటకు ఒప్పుకొనుటకు ముందు చూచుకొనదగిన సంగతులను గూర్చి ముచ్చటింపదలచితిమి.

మేము చెప్పబోవునది 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును గూర్చి. అది బ్రిటిషు మోటారు కార్పొరేషనువారి ‘బి’ వరుసకు చెందినది. మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి పుట్టిన అంబాసిడరులో చాలకాలము ఈ ఇంజనే పనిచేసినది. 1990లలో ఇసుజు ఇంజనులు వచ్చినవి. ఫియట్, అనగా తరువాతి ప్రీమియర్ పద్మిని, గలవారికిని ఇందలి విషయములు పెక్కు వర్తించును.

మొట్టమొదట కావలసినది కొలత. ‘చాల త్రాగుచున్నది’ అన్న మాటతో ఏమియు తేలదు. ఒక చిన్న నోటుపుస్తకము కారులో పెట్టుకొనవలెను. ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడు, సమతలమైన చోట డిప్‌స్టిక్కు తీసి, తుడిచి, మరల దింపి చూడవలెను. పై గీతవరకు నూనె పోసి, మీటరులోని కిలోమీటర్ల అంకె వ్రాసికొని, 500 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట అదే చోట, అదే వేళ, మరల పై గీతకు రావలెనన్న ఎంత నూనె పట్టినదో కొలచి వ్రాయవలెను. వేయి కిలోమీటర్లకు అర లీటరునకు లోబడి పోవుచున్నచో, అంత వయసు గల ఇంజనునకు అది తప్పుగా ఎన్నదగినది కాదని మా అభిప్రాయము. లీటరు దాటినచో కారణము వెదకవలసినదే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుచుండును. ఎట్లును త్రాగుచున్నది గదా యని పై గీత దాటించి పోయుదురు. అప్పుడు క్రాంకు నూనెను చిలికి నురుగుచేసి, సిలిండరు గోడలపైకి అధికముగా చిమ్మును. రింగులు దానినంతయు గీసివేయజాలవు. ఎక్కువ పోసినకొలది ఎక్కువ త్రాగును. తక్కువ యగుట అంతకంటె ప్రమాదము. ఈ ఇంజనులో పట్టునది మొత్తము సుమారు 4 లీటర్లు. అందులో సగము పోయినచో, మలుపు తిరుగునప్పుడును బ్రేకు వేయునప్పుడును నూనె ఒక ప్రక్కకు ఒరిగి, పంపు నోటికి గాలి తగులును. బేరింగులు అరిగిపోవుటకు ఆ కొద్ది క్షణములు చాలును. ఎదుటి పలకమీది ఎఱ్ఱదీపము నూనె మట్టమును చూపునది కాదు, ఒత్తిడి పడిపోయినదని చెప్పునది మాత్రమే. అది వెలుగువరకు ఆగినవారు చాల ఆలస్యము చేసినవారే.

కొలత తేలిన పిమ్మట, కారులో నున్నది ఏ నూనెయో విచారింపవలెను. డబ్బామీద 20డబ్ల్యూ-50 అని యుండును, 5డబ్ల్యూ-30 అని యుండును. మొదటి అంకె చలిలోని ప్రవాహగుణమును, రెండవది ఇంజను కాగినపుడు నిలుచు చిక్కదనమును తెలుపును. నేటి కార్ల ఇంజనులలో భాగముల మధ్య ఎడము మిక్కిలి స్వల్పము, వానికి పలుచని నూనెయే తగును. పాత ఇంజనులో ఎడములు ఎక్కువ. అరుగుదలచే మఱింత పెరిగియుండును. ఖరీదైనది గనుక మంచిదే యని కొత్త కారు నూనెను పాత అంబాసిడరులో పోసినచో అది రింగుల సందునుండి, గైడుల సందునుండి సులభముగా జారిపోవును. దీనికి 20డబ్ల్యూ-50 తగినది. మన ఎండలకు ఆ చిక్కదనము బాధింపదు. అంతకంటెను చిక్కనిదానికి పోవుట మాకు సమ్మతము కాదు. ఉదయము స్టార్టు చేసినపుడు పైనున్న రాకర్లకు అది ఆలస్యముగా చేరును. ‘పొగ ఆపు మందు’ అని చిన్న సీసాలలో అమ్మునవి చాలవరకు నూనెను చిక్కబరచు పదార్థములే. కారు అమ్మదలచినవాడు పోయును, కొన్నవాడు నెల తిరుగకముందే తెలిసికొనును.

నూనె పోవు దారులు రెండు. బయటికి కారుట యొకటి, లోపల మండిపోవుట యొకటి. కారుటను కనిపెట్టుట సులువు. రాత్రి కారు క్రింద పాత వార్తాపత్రికలు పరచి, తెల్లవారి మచ్చలెక్కడ పడినవో చూడవలెను. రాకరు మూత క్రిందనుండు బెండు ప్యాకింగు ఎండి పగులును. దానిని ఆపవలెనని మరలను గట్టిగా బిగించుదురు. మూత రేకు వంగి, కారుట హెచ్చును. కొత్త ప్యాకింగు వేసి మితముగా బిగింపవలెను. ఇంజను ప్రక్కనున్న ట్యాపెట్ మూతలకును ఇట్టి ప్యాకింగులే గలవు.

వెనుక భాగమున మాత్రము ఒక విశేషము కలదు. ఈ ఇంజనులో క్రాంకు వెనుక కొసను రబ్బరు సీలు లేదు. కడ్డీమీద మరవలె చెక్కిన గాడి, తిరుగుచు నూనెను లోపలికి త్రోసివేయును. అది పనిచేయుటకు ఇంజను లోపల ఒత్తిడి పెరుగకుండవలెను. లోపలి ఆవిరులు పోవుటకు ట్యాపెట్ మూతనుండి వచ్చు గొట్టమును, నూనె పోయు మూతలోని రంధ్రమును మడ్డితో పూడిపోయినచో, ఒత్తిడి దారిలేక వెనుకనుండి నూనెను త్రోసికొని బయటపడును. క్లచ్చి పెట్టె అడుగున చుక్కలు చూచి ఇంజను దింపించినవారు ఎందరో గలరు. ముందుగా ఆ గొట్టమును విప్పి కిరసనాయిలుతో కడిగి, గాలి ఊదిచూచుటకు అర్ధగంట పట్టును. ఇంత చిన్న పనిని మొదట చేయక పెద్ద పనికి పూనుకొనుట మాకు ఎప్పుడును అర్థము కాదు.

ఇక మండిపోవు నూనె. దీనికి సాక్షి పొగ. నల్లని పొగ పెట్రోలు ఎక్కువైనదానికి గుర్తు, నూనెకు కాదు. చల్లని ఉదయమున కొంతసేపు కనబడి పోవు తెల్లనిది నీటియావిరి. నీలిపొగయే మనకు కావలసినది. అది ఎప్పుడు వచ్చుచున్నదన్నది ముఖ్యము. వెనుక మఱొక బండిలో ఇంటివారినెవరినైన రమ్మని చూడుమనవలెను. నడుపువానికి తన పొగ సరిగా కనబడదు.

అరకు కనుమవంటి దారిలో యాక్సిలరేటరునుండి కాలు తీసి, గేరులోనే చాలదూరము దిగి, క్రింద మరల కాలు నొక్కినప్పుడు ఒక్కసారిగా నీలిపొగ గుప్పుమన్నచో, అనుమానము వాల్వులమీద. కాలు తీసినపుడు గాలి వచ్చు దారి మూతపడి, ఇంజను వలన అక్కడ బలమైన పీల్పు ఏర్పడును. ఆ పీల్పు, వాల్వు కాడకును గైడునకును నడుమనున్న సందునుండి పైనున్న నూనెను లోపలికి లాగును. రాత్రియంతయు నిలిచిన కారు ఉదయము స్టార్టు కాగానే కొంచెము నీలిపొగ విడిచి మానుట కూడ దీని లక్షణమే. అట్లుగాక, ఎత్తు ఎక్కుచు బలముగా లాగునంతసేపును పొగ విడువకున్నచో, రింగులను శంకింపవలెను.

వాల్వు కాడలకు తొడిగిన చిన్న రబ్బరు సీళ్లు ఏండ్ల వేడికి గట్టిపడి, గోటితో నొక్కిన విరుగును. అవి స్వల్పమైన వెలగలవి. హెడ్డు విప్పకయే, ప్లగ్గు రంధ్రమునుండి నూలుత్రాటిని సిలిండరులోనికి ఎక్కించి, పిస్టనును పైకి తెచ్చి, వాల్వు జారిపడకుండ ఆనించి, స్ప్రింగు తీసి సీలు మార్చు నేర్పరులు గలరు. కాని ఈ ఇంజనులో ఒక చిక్కు గలదు. రాకర్ల కడ్డీని పట్టియుంచు నట్లలో నాలుగు, హెడ్డును బిగించు నట్లు కూడ. వానిని మాత్రము విప్పినచో హెడ్డు వంగి, నీరు సిలిండర్లలోనికి దిగవచ్చును. కావున రేడియేటరు నీటిని దించి, హెడ్డు నట్లనన్నిటిని వరుసక్రమమున కొంచెము కొంచెముగా వదులు చేసిన పిమ్మటనే రాకర్లను విప్పవలెను. ఈ సంగతి మెకానిక్కునకు తెలియునో లేదో ముందుగా అడుగుట తప్పు కాదు. గైడులే అరిగియున్నచో కొత్త సీళ్లు ఎక్కువకాలము నిలువవు. అప్పుడు హెడ్డు లేతు పనివారివద్దకు పోవలసినదే.

రింగుల సంగతి కంప్రెషను మీటరుతో చూతురు. నాలుగు సిలిండర్లను కొలచి, తక్కువ వచ్చినదానిలో ఒక చెంచాడు నూనె పోసి మరల కొలువవలెను. అంకె బాగుగ పెరిగినచో లోపము రింగులలో, బోరులో. పెరుగకున్నచో వాల్వులు సరిగా మూతపడుట లేదనియో, హెడ్డు ప్యాకింగు పోయినదనియో అనుకొనవలెను. నాలుగును బాగుగనుండి పొగ మాత్రము వచ్చుచున్నచో, తొందరపడి బోరు పనికి ఒప్పుకొనరాదు. ఒత్తిడిని నిలుపునవి పై రింగులు; నూనెను గీయునది క్రింది రింగు. ఆ క్రింది రింగు రంధ్రములు మసితో పూడినను కంప్రెషను చక్కగనే యుండవచ్చును.

ఎక్కువకాలము నిలిపియుంచి, పూల అంగడివరకు మాత్రము నడుపు కార్లలో ఇది సహజము. దీనికి ఒక ఉపాయము చేసి చూడవచ్చును. ప్లగ్గులు తీసి, తుప్పు వదల్చు పలుచని నూనెను ప్రతి సిలిండరులోను కొంత పోసి ఒక రాత్రి నాననీయవలెను. మరునాడు జ్వలనపు తీగ ఊడదీసి, ప్లగ్గులు పెట్టకయే, రంధ్రములపై గుడ్డ కప్పి ఇంజనును త్రిప్పి ఆ ద్రవమును బయటికి పోనీయవలెను. ప్లగ్గులు పెట్టి త్రిప్పినచో ద్రవము నలుగక కనెక్టింగు రాడ్డు వంగును. నిప్పు దగ్గరకు రాకూడదు. కొంత ద్రవము అడుగు నూనెలో కలిసియుండును గనుక ఆ నూనెను మార్చివేసి, హైవేమీద నూరు నూటయేబది కిలోమీటర్లు సమవేగమున నడుపవలెను. ఇది అన్నివేళల ఫలింపదు. ఫలించినచో నోటుపుస్తకములోని అంకెయే చెప్పును.

ఇన్నియు చూచిన తరువాతను బోరు అరిగినదని తేలినచో, మెకానిక్కు మాట వినవలసినదే. కొత్త రింగులు మాత్రము వేసి సరిపెట్టుదమన్నచో, బోరు పైకొసన మిగిలిన గట్టును ముందుగా తీయించుడని చెప్పవలెను. లేనిచో కొత్త పై రింగు దానికి తగిలి విరుగును. రీబోరు చేయించునప్పుడు అంగుళములో వేయింట పది, ఇరువది, ముప్పది, నలుబది వంతుల పెద్ద పిస్టనులు వాడుదురు. లోగడ ఏ కొలతకు చేయించినారో పాత బిల్లులలో చూచుకొనుట మంచిది. నలుబదికి చేరినదానికి ఇక స్లీవులే గతి. పని ముగిసిన పిమ్మట కారును ఇంటిముందు నిలిపి గంటలకొలది ఊరక నడుపుట కొందరి అలవాటు. బరువు లేక తిరిగిన బోరు నునుపెక్కి రింగులు కుదురుకొనవు. మొదటి 500 కిలోమీటర్లు వేగము మార్చుచు, అధిక వేగమునకు పోక, మితమైన ఎత్తులు ఎక్కించుచు నడిపి, ఆ నూనెను దించివేసి, కొత్త నూనె పోసి, నోటుపుస్తకములో మీటరు అంకెను మరల వ్రాసికొనవలెను.