రైళ్ళు రాని రైలుస్టేషను



సింగపూరు ద్వీపమున బుకిట్ తిమా యనుచోట రైళ్ళు రాని రైలుస్టేషను ఒకటి కలదు. ఇటుకలతో కట్టిన చిన్న యిల్లు, ప్లాటుఫారము, దాని ముందు కొంతమేర పట్టాలు. చూచుట కంతకు మించి లేదు. 2022వ సంవత్సరము జూలై నుండి అది యా రైలుదారి చరిత్రను తెలుపు చిన్న ప్రదర్శనశాలగా నున్నది. పెద్ద మ్యూజియములలో రాజుల ఖడ్గములను, కిరీటములను చూచి వచ్చినవారికి వట్టి గదివలె తోచవచ్చును. నాకు మాత్రము దానిని గూర్చియే మీతో ముచ్చటింపవలె ననిపించినది.

ఆ దారిని 1903లో తెఱచిరి. ఇప్పుడున్న కట్టడము 1932లో దారిని మార్చినప్పటిది. మలయానుండి వచ్చు ఒంటిదారిపై ఎదురుబండ్లు తప్పుకొనుటకు ఇచ్చట రెండవ పట్టా యుండెను. పందెపు గుఱ్ఱములను సయిత మిచ్చటనే దింపుచుండెడివారు.

ఒంటిదారి యనగానే మీలో పెద్దలకు ఒక సంగతి జ్ఞప్తికి రావలెను. స్టేషనువారు బెత్తపు వలయ మొకటి పైకెత్తి నిలుచుటయు, బండి పోవుచుండగనే ఇంజనులోనివారు దానిని చేతికి తగిలించుకొనుటయు మీరు చూచియే యుందురు. ఆ వలయమునకు కట్టిన సంచిలో టోకెను ఉండును. ఈ స్టేషనులో నొక యంత్రము, ఆవలి స్టేషనులో దాని జోడు. రెంటిని కలుపు విద్యుత్తీగ. ఒక టోకెను వెలికి వచ్చినచో, అది మరల ఏదో యొక యంత్రమున చేరువఱకు రెండవది రాదు. టోకెను లేనిదే డ్రైవరు బండిని ముందుకు నడపరాదు. కావున ఆ రెండు స్టేషనుల నడుమ ఒక్క బండియే యుండును. చీకటియైనను, జడివానయైనను, ఒక యినుపముక్క చేతికి వచ్చినదా లేదా యనుదానిపై వందలమంది ప్రాణములు నిలుచుచుండెను. చదువురాని కూలివానికిని బోధపడు ఏర్పాటిది. ఇంతకంటె తెలివియైన దానిని నేను చాల తక్కువగా చూచితిని. బుకిట్ తిమాలో 2011 వఱకు ఇట్లే నడచెను.

మూతపడుటకు కారణము రాజకీయము. 1918 నాటి చట్టముచే ఆ రైలుభూములు మలయా ప్రభుత్వమునకు 999 ఏండ్లకు దఖలు పడినవి. 1965లో సింగపూరు వేఱు దేశమయ్యెను. ఒక దేశపు రైలు, రైలుభూమి మఱియొక దేశపు నడిబొడ్డున నిలిచిపోయెను. 2010లో ఉభయులు రాజీపడిరి. 2011 జూన్ 30వ తేదీ రాత్రి కడపటి బండిని జోహోరు సుల్తాను స్వయముగా నడిపెను! పిమ్మట పట్టాలను పెఱికి మలేషియాకు పంపిరి.

గజము నేలకు బంగారపు వెలగల ఆ నగరమున, సుమారు 24 కిలోమీటర్ల ఖాళీదారి మేడలపాలు కాకుండుట వింతయే. పట్టాలు తీయక మునుపే, 2010లోనే, అచ్చటి ప్రకృతి ప్రేమికుల సంఘము ఆ దారిని పచ్చని బాటగా నుంచుడని అర్జీ పెట్టుకొనెను. స్టేషను 2011లో రక్షితకట్టడమయ్యెను. దాని ప్రక్క ఇనుపవంతెనయు మిగిలెను.

మలయా రైళ్ళలోను తోటలలోను శ్రమించిన దక్షిణ హిందూదేశపు కూలీలలో తమిళులు మిక్కుటము. తెలుగువారును వేలకొలది కలరు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి ఓడలెక్కినవారు పెక్కుమంది. 1942, 1943 సంవత్సరములలో జపానువారు యుద్ధఖైదీలను సింగపూరునుండి ఈ దారివెంటనే సయాం-బర్మా రైలుపనికి తరలించిరి. మలయా తోటలనుండి కొనిపోబడిన కూలీలలో అసంఖ్యాకులు ఆ యడవులలోనే రాలిపోయిరి. టోకెను కొక యంత్రమున్నది, పట్టాకు పటము లున్నవి. ఈ కూలీల పేర్లలో అధికభాగము ఎచ్చటను వ్రాయబడలేదు. మీ యూళ్ళలో మలయా వెళ్ళినవారి యుత్తరములు, ఓడటిక్కెట్లు అటకలమీద ఉన్నచో, చెదలకు వదలక నాకొకసారి చూపగోరెదను.

స్టేషను సిబ్బంది కాపురమున్న యిల్లు నేడు కాఫీ అంగడి. సాయంకాలమున నడకకు వచ్చినవారు కాఫీ త్రాగి, మిగిలిన పట్టాలమీద పిల్లలను నడిపించి పోవుచుందురు.