గడప దాటిన చెత్త

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



పంచాంగ శ్రవణము కాగానే చెత్తను గురించి ప్రసంగమేమిటని కొందరు నవ్వవచ్చును. నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాడను. వచ్చిన సరకు ఎక్కడికి పోయినదో వ్రాయనిదే మా లెక్క ముగియదు. ఇంటి చెత్తకు మాత్రము మనమెవ్వరమూ అట్టి లెక్క వ్రాయము. గడప దాటిన తోడనే పీడ వదలినదనుకొందుము.

వదలలేదని బొంబాయిలోని దేవనార్ చెప్పును. సముద్రపు పాయయగు థానే క్రీకు ఒడ్డున 1927 మొదలు నగరపు చెత్తను అక్కడ పోసిరి. దిబ్బ కొండయైనది, దాని పాదముననే బీదల ఇండ్లు వెలసినవి. 2016 జనవరిలో ఆ దిబ్బ అంటుకొని దినముల తరబడి పొగ కమ్మినది. బడులకు సెలవిచ్చిరి. ఉపగ్రహములు తీసిన చిత్రములలో సైతము ఆ పొగ కనబడినది.

చెత్తకు అంత మంట ఎక్కడిది? కూరల తొక్కలు, మిగిలిన అన్నము గాలి తగలకుండ లోలోపల క్రుళ్ళినపుడు మీథేన్ అను వాయువు పుట్టును. అది మండు వాయువు. పైన ఆర్పినను లోపల రాజుకొనుచునే యుండును. వానకాలములో మరియొక బాధ. దిబ్బలో దిగిన నీరు నల్లని కషాయమై బావులలోనికి, సముద్రపు పాయలోనికి ఊరును.

దీనికి ఉపాయము లేకపోలేదు. అదే బొంబాయిలో గోరాయి క్రీకు ఒడ్డున 1972 నుండి పోసిన దిబ్బ యొకటి కలదు. సుమారు 20 హెక్టార్ల స్థలము. 23 లక్షల టన్నులకు పైబడిన చెత్త. 2007లో అక్కడ పోయుట మాని, దిబ్బను వాలుగా సర్ది, నీరు దిగని పొరలు పరచి, మట్టి కప్పి, గడ్డి పెంచిరి. మురుగు క్రీకులోనికి పోకుండ గోడ దింపిరి. గొట్టములు వేసి వాయువును బయటికి లాగిరి. మన విశాఖపట్టణము చెత్త చేరు కాపులుప్పాడ వద్ద 2022లో చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారము నెలకొల్పిరి. కాని తడి చెత్త కలిసినచో అది సరిగా మండదు. కనుక మొదటి పని ఇంటిలోనే జరుగవలెను.

సముద్రము లేని బామ్నీకి ఈ కథ ఎందుకందురా? మన వర్ధా నది వైనగంగతో కలిసి ప్రాణహితయగును. ప్రాణహిత గోదావరిలో కలియును. గోదావరి సముద్రము చేరును. మన కాలువలో వేసినది మన పుట్టినిండ్ల రేవుల మీదుగనే పోవును.

ఇక ఒక తప్పు ఒప్పుకొనవలెను. నిరుటి ఉగాది భోజనముల తరువాత ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు కాలువ గట్టున కుప్పవేసి నిప్పు పెట్టినది మనమే. అగ్గిపుల్ల గీచినది నేనే. అవతలి గట్టున ఒక మరాఠీ ఇల్లాలు గుఢీ నిలిపి పిల్లలకు వడ్డించుచున్నది. పొగకు చిన్నవాడు దగ్గు పట్టి ఏడ్చినాడు. ఆమె మనలను ఒక్క మాట అనలేదు, కిటికీ మూసికొన్నది. మన పండుగయు వారి పండుగయు ఒకేనాడు గదా! ఆ కిటికీ నాకు ఏడాది పొడుగునా కనబడుచునే యున్నది.

చెత్త కాల్చరాదనియు, నూరుమందికి మించి కూడినచో మూడు పనిదినముల ముందే స్థానిక సంస్థకు తెలిపి, చెత్తను వేరుచేయవలెననియు 2016 నాటి నిబంధనలలోనే ఉండెను. అది నాకప్పుడు తెలియదు. తెలియకపోయినను పొగ పొగయే.

కావున నాది ఒక చిన్న మనవి. ఇకమీదట మన విందులకు మోదుగాకు విస్తళ్ళు, ఇంటింటినుండి తెచ్చిన లోటాలు వాడుదము. తడి చెత్తకు గొయ్యి తీసి ఎరువు చేయుదము. పొడి చెత్త వేరుగా అప్పగింతము. నిప్పు మాత్రము వద్దు.

“పొట్టకూటికి వచ్చినవారము, ఈ ఊరు మనకేమి?” అని కొందరందురు. మా తండ్రిగారును అట్లే అనెడివారు. ఆయన అస్థికలు వర్ధాలోనే కలిపితిమి. నా బిడ్డలు ఇక్కడనే పుట్టిరి. ఇంతకంటె సొంత ఊరు ఏది?

నేడు భోజనములు కాగానే గంపతో కాలువ గట్టుకు పోవుచున్నాను. నిరుటి బూడిద ఇంకను అక్కడనే యున్నది. వచ్చువారు రండు. తరువాత ఆ ఇంటికి ఉగాది పచ్చడి పట్టుకొని పోవుదము.