ఎత్తు పెంచిన జీపు – అడుగు భాగపు రక్షణ

మంచిర్యాల జిల్లా కాసిపేట చుట్టుపట్ల, సింగరేణి గనుల దారులును టేకు అడవి బండిబాటలును కలియుచోట, జీపునకు ఎత్తైన కమాన్లు వేయించుకొనువారు మనలో కలరు. అందువలన పైకి లేచునది చట్రము మాత్రమే. ఇరుసు, దాని నడుమనున్న డిఫరెన్షియల్ గుండు ఎప్పటి ఎత్తుననే యుండును. అవి లేవవలెనన్నచో చక్రములే పెద్దవి కావలెను.

చట్రము లేచి ఇరుసు నిలిచిపోవుటచే, ఇంజను బలమును చక్రములకు అందించు షాఫ్టు మరింత ఏటవాలగును. వంపు హెచ్చినకొలది దాని కొనలనుండు యూనివర్సల్ జాయింట్లు కుదుపుతో తిరిగి త్వరగా అరుగును. వెనుక షాఫ్టు ముందుకొన ఊడి నేలలో గ్రుచ్చుకొన్నచో బండియే బోల్తాపడవచ్చును.

కావున అడుగున ఇనుప పలక బిగించునపుడు, బండిని నేలపై నిలిపి కొలిచిన చాలదు. ఇంజను ఆపి, గేరు తప్పించి, చట్రము క్రింద గట్టి స్టాండ్లు నిలిపి, చక్రములను వ్రేలాడనిచ్చి షాఫ్టును చేతితో త్రిప్పి చూడవలెను. చక్రము గుంతలోనికి జారునపుడు షాఫ్టు వచ్చు స్థితి అదియే. పలకకో పొగగొట్టమునకో తగులునేమో అపుడే తెలియును. పలక మందముకంటె ఈ పరీక్షయే ముఖ్యమని మేమనుకొందుము.

పలకకు రంధ్రములుండవలెను. బొగ్గుపొడి, టేకాకులు దానిపై పేరుకొని, వేడి పొగగొట్టము చెంత ఎండి నిప్పంటుకొనవచ్చును. వేసవిలో అడవినుండి వచ్చిన నాడే, గొట్టము చల్లారిన పిమ్మట, పలకపై చెత్తను తీసివేయుడు.