పదుగురి సొత్తు



కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి మూడు సంపుటములు వెలువరించిరి. ఆ మూడింటను అకారాది విషయములే కాని రెండవ యక్షరము రాలేదు. 1923లో వారు కీర్తిశేషులైరి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మరల చేపట్టిరి, అదియు తుదముట్టలేదు. వారికి శక్తి చాలకపోలేదు. బరువంతయు ఒకరిద్దరి భుజములపై నుండెను.

అట్టి పనియే 2003 డిసెంబరులో వేరొక తీరున మొదలయ్యెను. దాని పేరు తెలుగు వికీపీడియా. అంతర్జాలములోని యీ విజ్ఞాన సర్వస్వమునకు ప్రధాన సంపాదకుడు లేడు, వ్రాయువారికి జీతము లేదు. హైదరాబాదులో నొకరు, పల్లెలో నొకరు, అమెరికాలో నొకరు తీరిక వేళ కూర్చుండి వ్రాయుదురు. వ్యాసములు లక్ష దాటినవి. అందు రెండు మూడు వాక్యముల మొలకలును పెక్కు కలవు. అంకెను చూచి మురియుట నాకు సమ్మతము కాదు.

ఇది యెవరి సొత్తు? యంత్రములను నడుపునది అమెరికాలోని వికీమీడియా ఫౌండేషను. వ్రాతపై మాత్రము దానికి గుత్తాధికారము లేదు. మూలమును పేర్కొని, తానును అట్లే పరులకు విడుచు నియమముపై, ఎవరైనను దానిని తీసికొని అచ్చు వేసికొనవచ్చును, అమ్ముకొనవచ్చును. నేను వ్రాసినదానిని మీరు దిద్దవచ్చును; నాకు కోపము వచ్చినను అది నాదని అడ్డుపడుటకు వీలులేదు. పూర్వపు పాఠములన్నియు భద్రముగా నుండును గాన, చెరిపినదానిని మరల నిలుపుట సులభము. తగవు వచ్చినచో చర్చింప నొక చోటు కలదు. దానికి వారు పెట్టుకొన్న పేరు రచ్చబండ. నిర్వాహకులనువారిని తోడివారే ఎన్నుకొందురు.

మన పెద్దలకు మింగుడుపడని యాచారమొకటి యందు కలదు. వ్యాసములలో శ్రీలు, గార్లు వ్రాయరు. ఎంతటివానినైనను ‘జన్మించాడు’ అని ఏకవచనముననే చెప్పుదురు. మొదట చదివినపుడు నాకును కష్టముగా తోచినది. (ఇప్పుడే పంతులుగారని రెండుమారు లంటిని గదా!) కాని ఎవరికి గారు పెట్టవలెను, ఎవరికి మానవలెను అని తీర్చువాడెవడు? ఒక వీధివాడు తనవారికి పెట్టును, మరియొక వీధివాడు తీసివేయును. తెల్లవారులు ఇదే పని యగును.

అంతకంటె బరువైన చిక్కు వేరొకటి. ఆధారము చూపనిదే అందు మాట నిలువదు. మా పెద్దాపురపు వత్సవాయివారి సంస్థానమును గూర్చి గ్రంథములున్నవి గాన వ్రాయవచ్చును. ఫలానా చెరువునకు ఆ పేరెట్లు వచ్చెనో, పట్టుమగ్గములపై పూర్వము ఏ యంచులు నేసెడివారో, మరిడమ్మవారి జాతరలో ఏ వాడుక మారినదో, ఇవి ముసలివారి నాలుకలపై నున్నవి. అచ్చులో లేవు, కావున అందు చేరవు. నియమము తప్పని నేననను. అది లేనిచో ప్రతి కుటుంబమును తన తాతను రాజును చేయును. అయినను దానివలన ఎక్కువగా నష్టపోవునది పల్లెయే. పట్టణములకు పుస్తకములున్నవి.

అందుచే మిమ్ము వేడుచున్నాను. మీకు తెలిసినదానిని, ఎవరివలన వింటిరో ఆ పేరుతో సహా, నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు. చరిత్ర తెలిసినవారెవరైన దానిని పరీక్షించి ప్రకటించిన పిమ్మట సర్వస్వమున పేర్కొనుటకు వీలుండును. ఛాయాచిత్రములకు ఈ బాధ లేదు. తాను తీసిన బొమ్మను తానే యందరికి విడువవచ్చును. మీ ఊరి పాత గుడి యెదుట నిలిచి ఆ పని మీ మనుమడు ఈ సాయంకాలమే చేయగలడు.